పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ క్యాన్యన్ ఒకే రోజులో: పెద్దవాళ్లు, పిల్లలతో కుదురుతుందా?

మియాపూర్_వాసి

అందరికీ నమస్కారం. మే చివరి వారంలో హైదరాబాద్ నుంచి లాస్ వెగాస్ వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని అరిజోనా ఎడారి వైపు వెళ్దామనుకుంటున్నాం. ఆరుగురం. నాన్నకి 67, బీపీ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకి 61, మోకాళ్ల నొప్పులు. మేమిద్దరం, పిల్లలిద్దరు (11, 5). బండి నడిపేది నేనొక్కణ్నే. అమెరికాలో ఉండేవాళ్లెవరూ మాతో రావట్లేదు.

చిక్కంతా ఒక్క రోజు దగ్గరే. ముందురోజు రాత్రి పేజ్ ఊళ్లో బస. మర్నాడు పొద్దున్నే హార్స్‌షూ బెండ్ (నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే చోటు), ఆ తర్వాత యాంటిలోప్ క్యాన్యన్ (రాతిలో సన్నటి చీలికలాంటి లోయ), మధ్యాహ్నానికి మాన్యుమెంట్ వ్యాలీ (ఎర్ర రాతికొండల లోయ), సూర్యాస్తమయానికి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు. మ్యాప్‌లో అన్నీ కలిపి చూస్తే డ్రైవింగ్ ఐదున్నర గంటలే చూపిస్తోంది. పగలేమో పద్నాలుగు గంటల పైన ఉంటుంది. సరిపోతుందా?

ఇంకా అడగాల్సినవి: యాంటిలోప్‌లో అప్పర్, లోయర్ అని రెండు భాగాలున్నాయట, దేనికి వెళ్లాలి? ఆరుగురికి ఏ బండి తీసుకోవాలి? దారిలో మన తిండికి ఏం చేయాలి? పార్కుల టికెట్లలో విదేశీయులకి కొత్త రూల్ వచ్చిందంటున్నారు, అదేంటో కూడా చెప్పగలరు.

ఫీనిక్స్_టైం

కుదరదండీ. మైళ్లు మాత్రమే లెక్కేస్తే కుదిరేటట్టు కనిపిస్తుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు. పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ సుమారు 125 మైళ్లు. అక్కణ్నుంచి కయెంటా, ట్యూబా సిటీ, కామెరన్ మీదుగా గ్రాండ్ క్యాన్యన్ విలేజ్‌కి ఇంకో 180 మైళ్లు. మొత్తం 305 మైళ్లు, అంటే 490 కిలోమీటర్లు. మన ఓఆర్ఆర్ మీద మూడు చుట్లు తిరిగినంత దూరం. మ్యాప్ చూపించే ఐదున్నర గంటల్లో ఒక్క ఆగడం కూడా ఉండదు. ఆరుగురు ఉన్న బండి బాత్‌రూమ్ కోసం ఆగిందంటే ఇరవై నిమిషాలు, పెట్రోలు కోసం ఆగితే పదిహేను, భోజనానికి ముప్పావుగంట. రోజు మొత్తానికి రెండు గంటలు అందులోనే పోతాయి.

రెండో సంగతి గడియారం. అరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరపరు. అదే అరిజోనాలో ఉన్న నవాజో నేషన్‌లో (నవాజో ఆదివాసులు సొంతంగా పాలించుకునే ప్రాంతం) మాత్రం జరుపుతారు. కాబట్టి మే నెలలో లాస్ వెగాస్, పేజ్, గ్రాండ్ క్యాన్యన్ మూడింటికీ ఒకే టైం. కయెంటా, మాన్యుమెంట్ వ్యాలీ, ట్యూబా సిటీ, కామెరన్ వీటికంటే గంట ముందుంటాయి. వెగాస్ నుంచి పేజ్ వచ్చే దారిలో తగిలే యూటా ఊళ్లు, కనాబ్ లాంటివి కూడా గంట ముందే. యాంటిలోప్ క్యాన్యన్ ఉన్నది నవాజో నేల మీదే, అయినా టూర్లు పేజ్ టైం ప్రకారం నడుస్తాయి. పేజ్ సరిగ్గా ఈ సరిహద్దుల అంచున ఉన్న ఊరు. ఫోన్‌కి ఏ టవర్ అందితే ఆ టైం చూపిస్తుంది, హోటల్ గదిలో ఉండగానే గంట అటూ ఇటూ గెంతుతుంది. టూర్ వాళ్లు బయల్దేరే సమయానికి ముందే చెక్ ఇన్ అవ్వమంటారు, ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం కష్టం. అందుకే వెగాస్‌లో దిగగానే అందరి ఫోన్లలో ఆటోమేటిక్ టైం జోన్ ఆపేసి ‘ఫీనిక్స్’ పెట్టుకోండి. ఫీనిక్స్ ఏడాది పొడవునా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 8 అయితే ఇక్కడ రాత్రి 8:30. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది.

ఇప్పుడు మీ రోజుని ఫీనిక్స్ టైంలో వేసి చూడండి. మే చివర్లో పేజ్‌లో ఐదింటికల్లా తెల్లారిపోతుంది. హార్స్‌షూ బెండ్‌కి 6:15కి చేరండి. పార్కింగ్ నుంచి అంచు దాకా రానూపోనూ ఒకటిన్నర మైలు, మధ్యలో నీడ దాదాపు లేనట్టే. పొద్దున్నే వెళ్తే ఎండా ఉండదు, ఇసక కాలదు, పార్కింగ్ దొరుకుతుంది. మీ వీపు తూర్పుకి ఉంటుంది కాబట్టి ఫొటోలకి కూడా మంచిదే, కాకపోతే తొలి గంటలో నది అడుగున నీడ ఉంటుంది. రెయిలింగ్ ఉన్నది అంచులో కొంత భాగానికే. మిగతా చోట్ల దాదాపు వెయ్యి అడుగుల లోతుకి అడ్డం ఏమీ ఉండదు, ఐదేళ్ల పిల్లల చెయ్యి వదలకూడదు. 8 కల్లా మళ్లీ పేజ్, టిఫిన్. 9 ప్రాంతంలో యాంటిలోప్ టూర్ దొరికితే 11 దాటాక బయటపడతారు. ట్యాంకు నింపుకుని 11:30కి బయల్దేరితే మాన్యుమెంట్ వ్యాలీలో 1:45 అవుతుంది, అక్కడి గడియారంలో 2:45. రెండున్నర గంటలు చూసి 4:15కి కదిలితే, ఆగకుండా నడిపినా సౌత్ రిమ్ విలేజ్ చేరేసరికి 7:30. సూర్యాస్తమయం కూడా సరిగ్గా అప్పుడే. ఎక్కడ పావుగంట ఎక్కువ పట్టినా సూర్యాస్తమయం దాటిపోతుంది, దారిలో ఆగడాలు కూడా కలిస్తే ఆఖరి గంట చీకట్లో నడపాలి.

ఆ చీకటి మామూలు చీకటి కాదు. నవాజో నేల మీద ఆవులు, గొర్రెలు, గుర్రాలు కంచె లేకుండా తిరుగుతాయి, పార్కు లోపల జింకలు, ఎల్క్‌లు. వీధి దీపాలుండవు. నల్లటి ఆవు హెడ్‌లైట్ వెలుతురులో కనిపించేసరికి 65 మైళ్ల వేగంలో బ్రేకు వేయడానికి చోటు మిగలదు. శ్రీశైలం దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు కదా. అక్కడ గేటు వేసేవాళ్లుండరు, ఆ గేటు మనమే వేసుకోవాలి.

కాబట్టి ఒకటి వదలాలి. మాన్యుమెంట్ వ్యాలీ వదిలేస్తే పేజ్ నుంచి సౌత్ రిమ్ 135 మైళ్లు, రెండున్నర గంటలు. కామెరన్‌లో భోంచేసి, తూర్పు గేటు గుండా మూడింటి లోపు డెజర్ట్ వ్యూ చేరతారు. అక్కడి వాచ్‌టవర్ 1932లో మేరీ కోల్టర్ డిజైన్ చేసి కట్టించినది. అక్కణ్నుంచి విలేజ్ దాకా పాతిక మైళ్లలో నవాజో పాయింట్, లిపాన్, మోరాన్, గ్రాండ్‌వ్యూ వరసగా వస్తాయి, చాలావాటికి కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. మధ్యాహ్నం మూడింటి ఎండలో క్యాన్యన్ చప్పగా కనిపిస్తుంది, ఐదు దాటాకే నీడలు పడి లోతు తెలుస్తుంది. తొందరపడి అన్ని పాయింట్లూ ముందే చుట్టేయకుండా లిపాన్‌ని సాయంత్రానికి అట్టే పెట్టుకోండి.

మీ కుటుంబానికి నా ఓటు దీనికే. ఇంకో మాట: పాత ట్రావెల్ బ్లాగులు చదివి నార్త్ రిమ్ లాడ్జ్ మీద ఆశ పెట్టుకోకండి, 2025 జులైలో వచ్చిన కార్చిచ్చులో అది కాలిపోయింది.

టైరు_గాలి

బండి గురించి నేను చెప్తాను.

ఆరుగురికి మినీవ్యాన్ తీసుకోండి, ఏడు సీట్ల ఎస్‌యూవీ వద్దు. కారణం డిక్కీ. మధ్య సైజు ఎస్‌యూవీలో మూడో వరస సీట్లు లేపి ఉంచితే వెనక రెండు క్యాబిన్ బ్యాగులకి మించి పట్టవు. మినీవ్యాన్‌లో మూడో వరస వెనక లోతుగా గుంట ఉంటుంది, పెద్ద సూట్‌కేసులు మూడు నాలుగు నిలువుగా దిగుతాయి. విమానంలో తలా రెండు అనుమతి ఉందని పన్నెండు తెస్తే ఏ బండీ చాలదు. తిరుగు ప్రయాణం ముందురోజు కూడా అదే వెగాస్ హోటల్‌లో బస పెట్టుకుంటే పెద్ద పెట్టెలు వాళ్ల దగ్గర ఉంచి వెళ్లొచ్చేమో బుకింగ్‌కి ముందే అడగండి.

కాగితాలు: రవాణా శాఖ నుంచి ఐడీపీ (విదేశాల్లో బండి నడపడానికి ఇచ్చే అనుమతి పత్రం) తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. అదొక్కటే ఉంటే సరిపోదు, మన ఒరిజినల్ లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. క్రెడిట్ కార్డు బండి నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి, డెబిట్ కార్డయితే కౌంటర్ దగ్గర ఇబ్బంది పెడతారు. ఇన్సూరెన్సులో రెండు వేరు వేరు ముక్కలుంటాయి. ఒకటి అద్దె కారుకి జరిగే నష్టానికి, రెండోది ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. చౌక ధర కనిపించినప్పుడు రెండోది చాలాసార్లు అందులో ఉండదు. అమెరికాలో ఆస్పత్రి ఖర్చుల సంగతి తెలిసిందే, అది లేకుండా రోడ్డెక్కకండి.

మీ చిన్నబిడ్డకి సీటు తప్పనిసరి. అరిజోనా చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల లోపు ఉండి, 4 అడుగుల 9 అంగుళాలు మించని పిల్లలు చైల్డ్ సీటులోనో బూస్టర్‌లోనో కూర్చోవాలి. ఇక్కడ కొన్నది తీసుకెళ్లకండి, అమెరికా ప్రమాణం ముద్ర దాని మీద ఉండదు. అద్దె కంపెనీ రోజుకింత అని వేస్తుంది. వారం పైన ప్రయాణమైతే వెగాస్ వాల్‌మార్ట్‌లో కొనుక్కోవడమే చౌక.

కారు తీసుకునే చోటే పది నిమిషాలు కేటాయించండి. స్టెప్నీ ఉందా, లేక గాలి కొట్టే కిట్ మాత్రమే ఇచ్చారా చూడండి. ఈ మధ్య చాలా బండ్లలో స్టెప్నీ ఉండదు. టైరు పక్కగోడ చీలితే కిట్‌తో పని జరగదు, అలాంటప్పుడు ఏ నంబరుకి ఫోన్ చేయాలో కౌంటర్‌లోనే అడిగి రాసుకోండి. డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కర్‌లో టైరు ప్రెషర్ రాసి ఉంటుంది. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే ఆ అంకెతో పోల్చాలి. గాలి వేడి ఐదారు డిగ్రీల సెల్సియస్ పెరిగిన కొద్దీ టైరులో ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం డ్యాష్‌బోర్డులో నాలుగైదు ఎక్కువ కనిపించిందని గాలి తీసేయకండి. అలా తీస్తే మర్నాటికి గాలి తక్కువవుతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కుతుంది, ఎడారి రోడ్డు మీద పేలేది ఎక్కువగా అలాంటి టైరే.

పెట్రోలు: ముల్లు సగానికి రాగానే నింపడం, అంతే. పేజ్, కయెంటా, ట్యూబా సిటీ, కామెరన్ నమ్ముకోదగ్గ చోట్లు. గ్రాండ్ క్యాన్యన్ విలేజ్ లోపల పెట్రోలు పంపు లేదు, దక్షిణ గేటు బయట టుసాయన్‌లో ఉంది. పంపు దగ్గర కార్డు పెట్టగానే జిప్ కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడ్ ఆరంకెలు, అది ఐదంకెలే తీసుకుంటుంది, కార్డు తిరగ్గొడుతుంది. లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి ‘నలభై డాలర్లకి’ అని ముందే కట్టేయండి, మిగిలితే వెనక్కి ఇస్తారు. పచ్చ పిడి చాలాచోట్ల డీజిల్‌ది. పిడి రంగు కాకుండా దాని మీద రాసింది చదివాకే ముట్టుకోండి.

వేగం మనకి కొత్తేం కాదు, 75 మైళ్లంటే 120 కిలోమీటర్లు, ఓఆర్ఆర్ పరిమితి అంతే. కానీ పేజ్ నుంచి కయెంటా దాకా చాలా భాగం అటొక లైను, ఇటొక లైను ఉన్న రోడ్డు, మధ్యలో డివైడర్ ఉండదు. మీ వైపు పసుపు గీత తెగి తెగి ఉంటేనే ఓవర్‌టేక్. హార్న్ కొట్టి దారి అడిగే అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్లండి. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్న కూడలిలో బండి పూర్తిగా ఆగాలి, ముందు ఆగినవాళ్లు ముందు కదులుతారు. ముందు పోలీసు లేడని పాక్కుంటూ వెళ్తే జరిమానా. స్టీరింగ్ ఎడమ వైపు ఉండడం అరగంటలో అలవాటవుతుంది. పొరపాటు జరిగేది పెట్రోలు పంపులోంచో హోటల్ పార్కింగ్‌లోంచో ఖాళీ రోడ్డెక్కేటప్పుడు. అక్కడ వేరే బండి ఉండదు కాబట్టి చెయ్యి తన పాత అలవాటుకి పోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు ప్రతిసారీ ‘కుడి’ అని పైకి చెప్పడం మంచి పద్ధతి.

గాలిదుమారం వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది మన బుర్ర చెప్పేదానికి ఉల్టా ఉంటుంది. రోడ్డు వదిలి వీలైనంత పక్కకి వెళ్లి ఆపాలి. లైట్లన్నీ ఆర్పేయాలి, హజార్డ్ లైట్లు కూడా. పార్కింగ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీంచి కాలు తీసేయాలి. లైటు వెలిగి ఉంటే వెనక వచ్చేవాళ్లు మీరింకా రోడ్డు మీద కదులుతున్నారనుకుని ఆ లైటుని పట్టుకుని వచ్చి గుద్దేస్తారు. అరిజోనా రవాణా శాఖ ఏళ్లుగా చెప్తున్న పద్ధతి ఇదే.

కామెరన్ నుంచి డెజర్ట్ వ్యూ దాకా 32 మైళ్లలో మూడు వేల అడుగుల పైన ఎక్కుతారు. ఆరుగురు, సామాను, ఫుల్ ఏసీ. వేడి ముల్లు మామూలు చోటు దాటిందంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, పక్కకి ఆపండి. హీటర్ ఇంజిన్ వేడినే లాగి లోపలికి తోస్తుంది, ఉక్కపోసినా ఇంజిన్ బతుకుతుంది. రేడియేటర్ మూత వేడి మీద తీయకూడదు.

మాన్యుమెంట్ వ్యాలీ లోపలి 17 మైళ్ల రోడ్డులోకి మినీవ్యాన్ దింపకండి. అది మట్టి రోడ్డు. మొదటి దిగుడులోనే గాడులు, గుంతలు, గాలి వీచిన రోజుల తర్వాత మెత్తటి ఇసక. అద్దె ఒప్పందాల్లో సాధారణంగా తారు లేని రోడ్డు మీదికి వెళ్లకూడదనే ఉంటుంది. అక్కడ ఇరుక్కుంటే ఇన్సూరెన్సూ రాదు, రోడ్డు సాయమూ రాదు. నవాజో గైడ్ల జీపుల్లో వెళ్లొచ్చు.

పెరుగన్నం

ఫీనిక్స్_టైం గారు చెప్పిన లెక్క సరైనదే. ఒకటి వదలాలన్నదీ ఒప్పుకుంటాను. వదలాల్సింది మాత్రం మాన్యుమెంట్ వ్యాలీ కాదని నా అభిప్రాయం. మీ అమ్మగారి మోకాళ్లని మధ్యలో పెట్టి చూడండి.

లోయర్ యాంటిలోప్ ఆమెకి పనికిరాదు. నిటారు ఇనుప మెట్లు దిగాలి, ఇరుకు సందుల్లో ఒంగి నడవాలి, మళ్లీ మెట్లెక్కి బయటికి రావాలి, మధ్యలో వెనక్కి తిరిగే వీల్లేదు. అప్పర్ లోపల నేల చదునే. కానీ అక్కడికి తీసుకెళ్లే బండి ఇసక వాగులో రెండు మైళ్లు ఎగిరెగిరి పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లకి అదే పరీక్ష. బయటికి వచ్చే దారిలో ర్యాంపు, మెట్లు ఉంటాయి. ఎన్ని మెట్లో బుక్ చేసేటప్పుడే అడగండి. రెండింటికీ గైడ్ లేకుండా ప్రవేశం లేదు, సంచులు తీసుకెళ్లనివ్వరు. మీ నాన్నగారికి ఇన్సులిన్ ఉంది కాబట్టి గ్లూకోజ్ బిళ్లలు జేబులో, నీళ్ల సీసా చేతిలో ఉండనిస్తారా అని ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. పైనుంచి పడే వెలుగు స్తంభాల కోసం మధ్యాహ్నం టూర్ కొంటే ధర ఎక్కువ, గుంపూ ఎక్కువ. పొద్దున టూర్‌లో స్తంభాలు ఉండవు కానీ గోడల రంగులు చక్కగానే ఉంటాయి.

మాన్యుమెంట్ వ్యాలీలో అయితే విజిటర్ సెంటర్ ముందున్న అరుగు మీద కూర్చుంటే చాలు, చేతి తొడుగుల్లా ఉండే రెండు మిట్టెన్ కొండలూ, మెరిక్ బ్యూట్ అనే కొండా ఎదురుగా కనిపిస్తాయి. ఒక్క మెట్టు దిగక్కర్లేదు. సాయంత్రం ఎండ మన వెనక నుంచి సూటిగా వాటి మీద పడి ఎర్రగా వెలుగుతాయి. పెద్దవాళ్లు అక్కడ కూర్చుంటే మిగతావాళ్లు జీపులో తిరిగి రావచ్చు. రాత్రి కయెంటాలో పడుకుని మర్నాడు తాపీగా గ్రాండ్ క్యాన్యన్‌కి వెళ్లాలి. ఇంకో రాత్రి దొరికితేనే ఇది కుదురుతుంది, దొరక్కపోతే ఆయన చెప్పిందే చేయండి.

ఎండ గురించి. మే చివర్లో పేజ్‌లో 30 పైన, వెగాస్‌లో 36 ప్రాంతం. 42 చూసిన మనకి ఇదేం లెక్క అనిపిస్తుంది. తేడా ఏంటంటే అక్కడ గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన క్షణంలో ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా అని నీళ్లు తాగరు, సాయంత్రానికి తలనొప్పి, వాంతులు. మనిషికి రోజుకి ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు బండిలో ఉండాలి. ఆరుగురికి 23 లీటర్లు. వట్టి నీళ్లే గంటల తరబడి తాగినా ఒంట్లో ఉప్పు తగ్గి అదీ ప్రమాదమే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కణ్నుంచే పట్టుకెళ్లండి. బీపీకి నీళ్లు పోయే మాత్ర వేసుకునేవాళ్లు ఎండలో కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ. ఆ మాత్ర సంగతి, పన్నెండున్నర గంటల తేడాలో ఇన్సులిన్ ఎలా జరపాలన్న సంగతి బయల్దేరకముందే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీలు దాటిన వేడిలో ఉండకూడదు, ఆపి ఉంచిన కారులో ఎప్పుడూ వదలకండి. ఐస్‌కి నేరుగా ఆనించినా గడ్డకట్టి పాడవుతుంది. తువ్వాలు చుట్టి కూలర్‌లో పెట్టాలి.

పొడిగాలికి ముక్కులో రక్తం రావడం పిల్లల్లో మామూలే. రాత్రి పడుకునే ముందు ముక్కు రంధ్రాల అంచుకి వాజ్‌లైన్ రాస్తే ఆగుతుంది. సౌత్ రిమ్ ఏడు వేల అడుగుల ఎత్తు. మధ్యాహ్నం పేజ్‌లో చెమట, రాత్రి రిమ్ మీద ఐదు డిగ్రీలు. స్వెట్టర్లు డిక్కీ అడుగున కాకుండా సీటు కింద పెట్టుకోండి.

ఇక తిండి. భారత్ నుంచి బియ్యం తీసుకెళ్లకండి. ఖప్రా అనే పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని కొద్దిగా ఉన్నా అమెరికా కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. పొడులు, పచ్చళ్లు ఏం తీసుకెళ్లినా కస్టమ్స్ దగ్గర ‘ఆహారం ఉంది’ అని చెప్పేయండి. చెప్పకపోతేనే జరిమానా. ఇంట్లో రైస్ కుక్కర్ కూడా దండగ. మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. కుక్కర్‌కి అందే శక్తి సగానికి కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది, 700 వాట్ల కుక్కర్ 190 వాట్లకి వస్తుంది. అన్నం ఉడకదు, నానుతుంది. వెగాస్‌లో చిన్న కుక్కర్, బియ్యం కొనుక్కోండి. ఏడు వేల అడుగుల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, బియ్యం అరగంట నానబెట్టి కొంచెం ఎక్కువ నీళ్లు పోయాలి. పప్పు జోలికి వెళ్లకండి, ప్రెషర్ లేకుండా ఉడకదు. గదిలో వండుకోనిస్తారో లేదో ముందే అడగండి. పోపు మాత్రం పెట్టొద్దు, ఆవాలు చిటపటమనేలోపే పొగ అలారం మోగుతుంది. పులిహోర పొడి, వేయించిన పోపు ఇంటి నుంచే డబ్బాలో తీసుకెళ్తే వేడన్నంలో కలుపుకోవడమే.

థర్మాకోల్ కూలర్ ఒకటి కొనండి. చాలా హోటళ్లలో ఐస్ మెషీన్ ఉంటుంది, ఐస్ ఉచితం. జిప్ కవర్లలో నింపి పెరుగు, పాలు, పండ్లు అందులో పెట్టుకోవచ్చు. పొద్దున కలిపిన పులిహోర మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. సరుకులు పేజ్‌లోనే కొనండి, కయెంటా దాటాక ఎంపిక తగ్గిపోతుంది. నవాజో ఫ్రై బ్రెడ్ మన మైదా పూరీకి అక్కలాంటిది, పిల్లలు ఇష్టంగా తింటారు. బీన్స్ వేసిన టాకో అడిగేటప్పుడు మాంసం కలిసిందా అని, ఏ నూనెలో వేయించారని రెండూ అడగండి. నవాజో నేల మీద మద్యం బండిలో ఉంచుకున్నా నేరమే.

మియాపూర్_వాసి

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో రాత్రి సర్దగలను. అయితే యాంటిలోప్ పూర్తిగా వదలాలా? టికెట్ల రూల్ ఎవరూ చెప్పలేదు. వానల భయం ఏమైనా ఉంటుందా?

పద్దు_పుస్తకం

టికెట్ల లెక్క ఇది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లు 11 జాతీయ పార్కుల్లో మామూలు ఎంట్రీ మీద తలా 100 డాలర్లు అదనంగా కట్టాలి. 16 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకే. గ్రాండ్ క్యాన్యన్, జయాన్, బ్రైస్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. మీలో పెద్దవాళ్లు నలుగురు. గ్రాండ్ క్యాన్యన్ ఒక్కదానికే కారుకి 35, మనుషులకి 400, మొత్తం 435 డాలర్లు. విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లు. అది ఉంటే ఆ కారులో ఉన్నవాళ్లందరికీ ఎంట్రీ, తలా 100 రెండూ కట్టక్కర్లేదు. కాబట్టి ఒక్క పార్కు చూసినా పాసే లాభం. 80 డాలర్ల పాస్ గురించి పాత పోస్టుల్లో చదివి అది కొనకండి, అది అక్కడ నివాసం ఉన్నవాళ్లకి. గేటు దగ్గర ఫొటో గుర్తింపు అడుగుతారు, పాస్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల పాస్‌పోర్టు అందేటట్టు ఉంచండి.

పాస్ ఎలాగూ ఉంటుంది కాబట్టి వెగాస్ నుంచి పేజ్ వెళ్లేటప్పుడు జయాన్ గుండా 9వ నంబరు రోడ్డులో వెళ్లండి. ఆ రోడ్డు పార్కు మధ్యలోంచి పోతుంది, ఊరికే దాటిపోయేవాళ్ల దగ్గర కూడా ఎంట్రీ రుసుము తీసుకుంటారు. పాస్ లేనివాళ్లు మాత్రం హరికేన్ ఊళ్లో 59వ నంబరు రోడ్డు పట్టుకుని, అరిజోనా 389వ నంబరు రోడ్డు మీదుగా ఫ్రెడోనియా, కనాబ్ చేరాలి.

పాస్ చెల్లని చోట్లు: హార్స్‌షూ బెండ్ పార్కింగ్ పేజ్ నగరపాలిక వాళ్లది, కారుకి 10 డాలర్లు. మాన్యుమెంట్ వ్యాలీ నవాజో వాళ్లది, మనిషికి 8 డాలర్లు. యాంటిలోప్ టూర్ ధరలో నవాజో పర్మిట్ రుసుము కలిసి ఉందో లేదో బిల్లులో చూసుకోండి.

తేదీ విషయంలో ఒకటి. మే ఆఖరి సోమవారం అక్కడ మెమోరియల్ డే, 2026లో అది 25వ తేదీ. శనివారం నుంచి సోమవారం దాకా హోటళ్లు రెట్టింపు అడుగుతాయి, పార్కు గేట్ల దగ్గర బారులు. పేజ్‌లో బస 26 తర్వాత పెట్టుకోండి.

ఫీనిక్స్_టైం

ఇంకో రాత్రి ఉందంటే యాంటిలోప్ వదలక్కర్లేదు. ఏడెనిమిదింటి టూర్‌కి మీ ఇద్దరిలో ఒకరు పిల్లలతో వెళ్లండి, ఇంకొకరు పెద్దవాళ్ల దగ్గర హోటల్‌లో ఉండండి. చెక్ అవుట్ 11 దాకా ఉంటుంది, వాళ్లకి విశ్రాంతి. ముందురోజు సాయంత్రమే పేజ్ చేరితే హార్స్‌షూ బెండ్ అప్పుడే చూసేయొచ్చు. ఎదురెండ కళ్లలో పడుతుంది కానీ మర్నాడు పొద్దున తొందర ఉండదు. 11:30కి పేజ్ వదలండి, కయెంటాలో గదిలో సామాను పడేసి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్లండి. జీపు టూర్‌ని అక్కడి గడియారంలో 5 గంటలకి బుక్ చేస్తే, అంటే మీ ఫోన్‌లో 4కి, సూర్యాస్తమయం ముందే అరుగు మీదకి తిరిగొస్తారు. అక్కడ సూర్యాస్తమయం వాళ్ల లెక్కలో 8:25 ప్రాంతం. వెలుగు పోయేలోపే కయెంటాకి తిరిగి బయల్దేరండి, పాతిక మైళ్లే అయినా ఆ రోడ్డు మీద కూడా పశువులుంటాయి.

వానలు: మే, జూన్ అక్కడ ఏడాదిలో కెల్లా పొడి నెలలు. గాలి, దుమ్ము ఉంటాయి గానీ వాన భయం తక్కువ. అరిజోనాలో వర్షాకాలం లెక్క జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే గమనించండి. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో వరద వచ్చి 11 మంది చనిపోయారు. వాన పడింది క్యాన్యన్ మీద కాదు, మైళ్ల దూరంలో ఎగువన. రాతినేల నీటిని పీల్చుకోదు, పడ్డదంతా ఆ సన్నటి చీలికలోకి గోడలా వచ్చేస్తుంది. అందుకే తలపైన ఆకాశం నీలంగా ఉన్నా టూర్లు రద్దు చేస్తారు, వాళ్లతో వాదించకండి. రోడ్డు మీద పారే నీళ్లలోకి కూడా బండి దింపొద్దు, అడుగు లోతు నీళ్లకే చిన్న కారు తేలిపోతుంది.

బయల్దేరే ముందు వెగాస్ హోటల్ వైఫైలో ఉత్తర అరిజోనా, దక్షిణ యూటా మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. 98వ నంబరు రోడ్డు మీద పేజ్ నుంచి 160వ నంబరు రోడ్డు కలిసే దాకా 66 మైళ్లు, చాలాచోట్ల సిగ్నల్ రాదు, బాత్‌రూమ్‌లూ దొరకవు. పిల్లలని పేజ్ పెట్రోలు పంపులోనే ఒకసారి తీసుకెళ్లి బండెక్కించండి.